నల్లకట్టకు కంబళి

తాళపత్రాల కొలువులో చేరినవారికి మొట్టమొదట నేర్పేది ముడివేయడం. లిపి, భాష, ఛందస్సు అన్నీ ఆ తరువాతనే. రెండు కొయ్యపలకల నడుమ ఆకులను పేర్చి, ఎర్రని నూలుగుడ్డలో చుట్టి, దుమ్ము చొరకుండా బిగించి కట్టడం చేతకానివాడు ఎంతటి విద్వాంసుడైనా ఆ కొలువులో సగం ఉద్యోగి మాత్రమే. వదులైన కట్టలో ఆకులు వంగుతాయి, పురుగు చేరుతుంది. వెనుకటి లేఖకులు నీటికి ఎంత వెరచారో వదులు ముడికీ అంతే వెరచారు. ఇటీవల ఉద్యోగాలలో కుదురుకొంటున్న పిల్లలు కొందరు నన్ను చూడవచ్చి, ఇన్నేళ్ళ సేవలో మరపురాని సంగతి ఏదని అడుగుతుంటారు. గొప్ప గ్రంథం దొరికిన దినాన్ని చెబుతానని వారి ఆశ. నాకు మాత్రం ఎప్పుడూ ఒక ముడే గుర్తుకు వస్తుంది. అది ముడిపడవలసిన చోట పడిన ముడి కాదు.

మదనపల్లెలో చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పి, ఉద్యోగపు చివరి అంకంలో కుప్పంలోని ఒక చిన్న తాళపత్ర సంరక్షణ కేంద్రానికి బాధ్యుడనై వెళ్ళాను. పడమటి పల్లెల ఇళ్ళలో అటకల మీదా గూళ్ళలోనూ మిగిలిన తాటాకు గ్రంథాలను వెదకడం మా పని. ఇచ్చినవారి గ్రంథాలను తెచ్చి భద్రపరిచేవాళ్ళం. ఇవ్వనివారి గ్రంథాలకు వారి వసారాలోనే ఫోటోలు తీసుకొని, ఆకులు లెక్కచెప్పి తిరిగి అప్పగించేవాళ్ళం.

నాతోపాటు అక్కడ ఇద్దరే ఉద్యోగులు. ఫోటోలు తీసి కంప్యూటరులో ఎక్కించే ఆపరేటరమ్మ బి.కొత్తకోట వైపు వేరుసెనగ పండించే ఇంటి బిడ్డ. మదనపల్లె దగ్గరి అంగళ్లు అనే ఊళ్ళో ఇంజనీరింగు చదివింది. యంత్రం మొరాయిస్తే మొండి ఎద్దును అదిలించినట్టు దానిని అదిలించేది. రెండవవాడు కట్టల సంరక్షకుడు. పుంగనూరు మనిషి. యౌవనంలో అక్కడి జవుళి అంగట్లో మూటలు కట్టి, ఆ చేతివాటంతోనే మా కొలువులోకి వచ్చినవాడు. అతడు వేసిన ముడిని గోటితో గాని పంటితో గాని విప్పడం ఇతరులకు సాధ్యం కాదు. అతడు మాత్రం కొసను ఒక్కసారి లాగితే అది పూవు విచ్చుకొన్నట్టు విడిపోయేది. కేంద్రంలో కట్ట విప్పినా కట్టినా అతడి చేతులమీదుగానే జరగాలన్నది మా కట్టుబాటు. దానిని నేను కూడా అతిక్రమించేవాడిని కాదు.

ఈ ఇద్దరికీ నిత్యం వాగ్వాదమే. ఆమె ఇంటినుంచి తెచ్చిన ఉడికించిన శెనక్కాయలను ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటూ పోట్లాడుకొనేవారు.

"పొట్టు ఆకుల మీద పడితే ఊరుకోను అమ్మణ్ణీ."

"నీ ఆకులు నేనేం తింటానా అన్నా, మేకనా నేను?"

"మేకైతే కట్టేసి పెడుదును. నిన్నెవురు కడతారు?"

ఫోటోలన్నింటినీ దాచే హార్డ్ డిస్కు అరచేతి వెడల్పున నల్లగా ఉండేది. సంరక్షకుడు దానికి నల్లకట్ట అని పేరుపెట్టాడు. అన్ని ఊళ్ళ ఆకులూ అందులో ఉన్నాయని ఆమె చెప్పిన దినాననే అది అతడి దృష్టిలో గ్రంథమైపోయింది. పాత తాళపత్రపు పేటిక ఒకటి తెచ్చి, దాని అంచున వైరు పట్టేంత గాడి తొలిపించి, డిస్కును అందులో ఉంచి మూతపెట్టి, కంప్యూటరు పక్కన పీట మీద నిలిపాడు. పేటికనుంచి వెలికివచ్చిన వైరు కొసను ఆమె కంప్యూటరుకు తగిలించుకొనేది. లోపలి సంగతి అతడిది, బయటి సంగతి ఆమెది. గ్రంథాలయ మర్యాదలో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. నాకైతే ముచ్చటగానే ఉండేది.

ఇక ఈ కథకు మూలమైన మనిషిని పరిచయం చేయాలి. పెద్దతిప్పసముద్రం దాపున మెట్టపల్లెలో తరతరాలుగా పశువులను సాకే ఇల్లు ఒకటి ఉంది. ఆ ఇంటి పెద్ద ఒక అవ్వ. ఆ ఇంట పశువైద్యపు తాళపత్ర గ్రంథం ఉందని విని వెళ్ళాము. చుట్టుపక్కల దూడకు జబ్బు చేస్తే అవ్వ అత్తగారు ఆ ఆకులను చదివించుకొని మందు నూరేదట. అవ్వకు అక్షరం రాదు. కట్టను మాకు ఇవ్వమంటే, "ఫోటో పట్టుకోండప్పా, కట్ట మాత్రం ఈడనే ఉండల్ల" అన్నది. అలాగే ఫోటోలు తీసి, ఆకులు అప్పగించి వచ్చాము.

మరుసటి వానల్లో ఆ ఇంటి వెనుకగోడ నాని కూలింది. గూడులోని గ్రంథం ఆ మట్టిలో కలిసి ముద్దయిపోయింది. ఆ కబురు చెప్పడానికి అవ్వ మనుమరాలు నాకు ఫోను చేసింది. ఆ పిల్ల పశుసంవర్ధక శాఖలో సహాయకురాలి ఉద్యోగానికి ఎంపికైంది. పుంగనూరు వైపు ఒక పల్లెలో చేరబోతున్నది. ఫోను చేతులు మారి అవ్వ గొంతు వినిపించింది.

"అయ్యవారా, ఆకులు మన్నైపోయినాయి. మీ తావ బొమ్మలుండాయి గదా. పాప పన్లో సేరేలోపల దాని చేతిలో పెట్టల్ల నాయనా. ఇంగేమీ అడగను నేను."

"అంతకన్నానా తల్లీ, భద్రంగా ఉన్నాయి, పంపిస్తాను" అన్నాను. ఫోను పెట్టేసి ఆపరేటరమ్మకు చెప్పాను. ఆమె ముఖం మ్లానమైంది.

"సార్, వారంనుంచి చెప్పల్లనుకుంటా ఉండాను. డిస్కు ఫ్రీజ్ అయిపోతాండాది."

సంగతి ఇది. నాలుగైదు ఫోటోలు తెరిస్తే చక్కగా తెరుచుకొంటాయి. పని కాస్త సాగేసరికి పని ఎంత అయిందో చూపే గీత తెరమీద కదలదు, బొమ్మ సగంలో నిలిచిపోతుంది, ఎంత వేచినా ఉలుకూ పలుకూ ఉండదు. వైరు పీకి కొంతసేపు ఊరుకొని మళ్ళీ తగిలిస్తే బుద్ధిమంతురాలివలె పలుకుతుంది, పని సాగగానే మళ్ళీ మామూలే. రెండవ ప్రతి తీసి వేరొకచోట దాచుదామంటే, ప్రతి తీయడమంటే ఎడతెగని పని కనుక, ప్రతిసారీ అక్కడే ఆగిపోతున్నది. అవ్వ ఆకులు అందులో ఎక్కడో అట్టడుగున ఉన్నాయి. వాటికి లోకంలో వేరే ప్రతి లేదు.

"ఇట్లా పీకి పీకి పెడితే ఒగనాడు అసలుకే పోతాది సార్" అన్నది ఆమె.

ఆమె తన శాస్త్రం ప్రకారం చేయవలసినవన్నీ చేసింది. వైరు మార్చింది. కంప్యూటరుకు ముందువైపు తగిలించినదాన్ని వెనుకవైపు తగిలించింది. వైరసు కోసం గాలించింది. నా గదిలోని కంప్యూటరును మోసుకువచ్చి దానికీ కలిపి చూసింది. ఫలితం శూన్యం. సంరక్షకుడు ఆమె వెనుక నిలబడి, జబ్బుపడిన బిడ్డ మంచం వద్ద నిలిచిన బంధువువలె, అడిగినప్పుడల్లా పేటికలో చేయిపెట్టి వైరు మార్చి ఇచ్చేవాడు.

"ఫ్రీజ్ అంటే ఏంది అమ్మణ్ణీ?"

విసుగులో ఉన్న ఆమె, "ఫ్రిజ్జులో పెట్టిన నెయ్యి సూడలేదా అన్నా? అట్లా బిగుసుకుపోయిందని" అన్నది.

"సలికా?"

"ఊ, సలికే!" అని నవ్వి ఆమె తెరవైపు తిరిగిపోయింది. నేను కూడా నవ్వాను. మార్గశిరం అది, కుప్పంలో పొద్దెక్కినా మంచు విడిచేది కాదు. అతడు మాత్రం నవ్వలేదు.

ఇక లాభం లేదని ముగ్గురమూ బస్సెక్కి మదనపల్లె వెళ్ళాము. అక్కడ కంప్యూటర్లు బాగుచేసే ఒక నేర్పరి ఉన్నాడు, ఒకప్పుడు నా తరగతిలో పద్యం అప్పజెప్పలేక బెంచీ ఎక్కినవాడు. పేటికను ఒడిలో పెట్టుకొని వచ్చిన సంరక్షకుడు అంగడిలో ఒక మూల మావైపు వీపు పెట్టి కూర్చొని, పాఠకుడికి గ్రంథం విప్పి ఇచ్చే పద్ధతిలో దానిని విప్పి, డిస్కును రెండు చేతులా తీసి అద్దపు బల్ల మీద ఉంచాడు. మా శిష్యుడు దానిని తన యంత్రానికి తగిలించాడు.

డిస్కు ఆగలేదు. ఫోటో తరువాత ఫోటో, కట్ట తరువాత కట్ట తెరుచుకొంటూనే పోయింది. మేము రెండు విడతల టీ తాగినా అది అలసట ఎరుగలేదు.

"దీనికేమీ రోగం లేదు సార్. నీళ్ళలో చేప మాదిరి ఆడతాండాది. రోగమేదో మీ కుప్పానికే ఉండాది."

"సరిగా సూడప్పా, ఆడ పొద్దుకు పదిసార్లు నిలబడిపోతాది" అన్నది ఆపరేటరమ్మ.

"ఈడ నిలబడలేదు గదా మేడం. లేని జబ్బుకు నేను యాడనుంచి మందు తెచ్చేది? సార్ అప్పుడు నన్ను బెంచీ ఎక్కించినారే, అట్లా దీన్నీ ఒకసారి ఎక్కించండి."

అక్కడే ఒక ప్రతి తీయించుకొందామని ఆమె అన్నది. కొత్త డిస్కుకు మంజూరు ఇంకా రాలేదు. ఊరివారి గ్రంథాలను కేంద్రం వెలుపలి యంత్రంలో విడిచి వెళ్ళరాదన్న నియమం ఉంది. అవ్వ ఆకులను మాత్రం అక్కడే అచ్చు తీసుకొందామని తోచేసరికి అంగడివీధిలో కరెంటు పోయింది, కడపటి బస్సు వేళ అయింది. డిస్కు బాగుపడిందన్న సంతోషంలో, కుప్పంలో తీరికగా తీసుకోవచ్చులే అని నేనే అందరినీ లేవదీశాను. బస్సులో తిరిగివస్తూ ఈ వ్యాధికి తెలుగులో స్తంభన అనాలా, ఘనీభవనం అనాలా అని నాలో నేను తర్కించుకొంటూ కూర్చున్నాను. మనిషికి ఏమీ పాలుపోనప్పుడు పేరుపెట్టడం ఒక ఊరట.

కుప్పంలో డిస్కు మళ్ళీ పేటిక చేరింది. పనిపెట్టగానే మళ్ళీ నిలిచిపోయింది. ఈసారి ఇంకా తొందరగా.

"వాస్తు సూపిద్దామా సార్?" అన్నది ఆపరేటరమ్మ. హాస్యమనుకొని తలెత్తి చూశాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

ఇంతలో అవ్వ కబురు కోసం ఎదురుచూడలేక తానే బయలుదేరి వచ్చింది. మనుమరాలు మరునాడు ఉద్యోగంలో చేరాలి. ఇద్దరూ కుప్పం బస్సు దిగి, ఆ పిల్ల పెట్టెతో సహా మా గుమ్మంలో నిలిచారు. అవ్వ చేతిలో మా కోసం తెచ్చిన నెయ్యి గిన్నె ఉంది.

"యాలమ్మా అందురూ అట్ల నిలబడుకోనుండారు? బొమ్మలు సూపియ్యండి పాపకు."

ఆపరేటరమ్మ నావైపు చూసింది. నేను తల ఊపాను. పొద్దున్నుంచి డిస్కును ఎవరూ ముట్టలేదు కనుక మొదట చక్కగానే తెరుచుకొన్నది. కట్టలు ఒకదాని వెంట ఒకటి దాటుతూ అవ్వ ఆకుల దాకా చేరాము. తెరమీద మొదటి ఆకు కనబడగానే అవ్వ చేతులు జోడించింది. "అదే! ఆ ఎలక కొరికిన మూల సూడు పాపా, అదే!" రెండవ ఆకు వచ్చింది. మూడవ ఆకు సగం వచ్చి నిలిచిపోయింది. పైన అక్షరాలు, కింద బూడిదరంగు.

"పొయ్యిందా?" అన్నది అవ్వ.

మనుమరాలు అవ్వ భుజం మీద చేయివేసి, "పోనీలే అవ్వా, నేను చదువుకోనే ఉండాను గదా" అన్నది. ఆ మాట అవ్వకు ఓదార్పు కాలేదని ఆమె ముఖమే చెప్పింది. తనకున్నది ఇవ్వకుండానే బిడ్డను సాగనంపవలసి వస్తున్న మనిషి ముఖం అది.

అప్పుడు మా సంరక్షకుడు పీట పక్కన గొంతుకూర్చొని, పేటిక మూత కొద్దిగా ఎత్తి, లోపల చేయి పెట్టాడు. అతడి ముఖం వికసించింది.

"దిగులుపడొద్దవ్వా. ఇంగ ఏం బయం లేదు. సలి ఇడిసిపోయింది. బాగా ఎచ్చగా ఉండాది సూడండి అయ్యవారా, కుంపటి మాదిరి!"

ఆపరేటరమ్మ మెల్లగా వెనుకకు తిరిగింది.

"ఏమన్నావన్నా?"

"ఎచ్చబడింది అమ్మణ్ణీ. దుమ్ము సొరకుండా ఈ నెల మొదట్లోనే గుడ్డలో కట్టింటి. నువ్వు సలికి బిగుసుకుంటాండాదని సెప్పినాక ఊరికే ఉంటానా? గుడ్డ రెండు సుట్లు ఎక్కువేసినా. మదనపల్లెనుంచి వచ్చినాక కంబళి ముక్క గూడా..."

"అన్నా! పేటిక తెరువు!"

అతడు బెదిరిపోయి మూత తీశాడు. మొట్టమొదటిసారి మేము లోపలికి తొంగిచూశాము. ఎర్రగుడ్డలో, దానిమీద నల్ల కంబళిముక్కలో, తిరుగులేని ఆ పుంగనూరు ముడితో బిగిసి, పసిబిడ్డవలె వెచ్చగా ఉంది మా నల్లకట్ట. వైరు కొస ఒక్కటే ఆ మూటనుంచి ముక్కు బయటపెట్టింది. పనిచేసేటప్పుడు ఆ యంత్రం వేడెక్కుతుందని, ఆ వేడి వెలుపలికి పోయే దారి లేకపోతే ఆగిపోతుందని ఆమె మాకు అప్పుడు చెప్పింది. మదనపల్లె అద్దపు బల్ల మీద అది బట్ట లేకుండా ఉంది, అందుకే ఆడింది. వైరు పీకి ఊరుకొన్నాక అది కుదురుగా పలికేది ఆ విశ్రాంతిలో కాస్త చల్లారినందుకే. మదనపల్లె గాలి కుప్పం గాలికన్నా చల్లనిదన్న ఎరుక అన్నేళ్ళు అక్కడ వణికిన నాకైనా తట్టలేదు.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఎంత ఆపుకొన్నా ఆగలేదు. సంరక్షకుడు నవ్వలేదు. ముడి కొసను పట్టుకొన్నాడుగాని లాగలేకపోయాడు.

"నేనే సంపేసినానా అమ్మణ్ణీ?"

ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది. అతడి పక్కన తానూ నేలమీద కూర్చుంది. "లేదన్నా. నెయ్యి మాట సెప్పింది నేను గదా. నువ్వు దానికి కంబళి కప్పితివి, నేను కప్పేదాన్నే కాదు. ముడి ఇప్పు."

అవ్వకు జరిగినదంతా మనుమరాలు వివరించింది. అవ్వ, "సలికాలంలో దూడకు మేమూ గోనె కప్పేదే గదప్పా" అన్నది అతడితో. "కప్పినోడిని తప్పుపడితే రేపు ఎవురు కప్పుతారు?"

కట్టు విడిపోయింది. డిస్కును బల్లమీద రెండు కొయ్యపలకలపై ఎత్తుగా, కింద గాలి ఆడేటట్టు నిలిపాము. అది చల్లారేంతవరకూ ఎవరూ కూర్చోలేదు. పైనున్న ఫ్యాను గాలి బల్లదాకా చాలదని సంరక్షకుడు తాటాకు విసనకర్ర తెచ్చి, ఒక చేత్తో నడుము పట్టుకొని విసరడం ప్రారంభించాడు. ఆపరేటరమ్మ తిరిగి తగిలించింది. మూడవ ఆకు కిందిదాకా వచ్చింది. నాలుగవది వచ్చింది. అవ్వ ఆకులన్నిటినీ ముందుగా కంప్యూటరులోకి తీసుకొని, ఆమె ముద్రణయంత్రానికి పంపింది. కడపటి ఆకు కాగితం మీద పడేవరకూ విసనకర్ర ఆగలేదు. నేను మారుస్తానంటే ఇవ్వలేదు.

"ఎవరు విసిరినా గాలి ఒకటే కదయ్యా" అన్నాను.

"ఇది నా కట్ట అయ్యవారా" అన్నాడు.

కాగితాలు వెచ్చవెచ్చగా అవ్వ చేతికి వచ్చాయి. ఆమె వాటిని మనుమరాలి చేతిలో పెట్టింది. పెట్టి వెంటనే, "సదువు" అన్నది.

"ఇప్పుడా అవ్వా? బస్సు..."

"సదువు. నేను సెప్తే ఏనాడన్నా విన్న్యావా? ముసల్ది ఏమో వాగతాదంటివి. రాసిందైతే నమ్ముతావు గదా. అయ్యవారి ముందర సదువు."

ఆమె ఇంతదూరం ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు గాని బోధపడలేదు. నోటిమాటను నమ్మని చదువరి బిడ్డకు, తన మాటకు ఆకు చేత సాక్ష్యం చెప్పించడానికి వచ్చింది. పాత లిపి ఆ పిల్లకు కొరుకుడు పడక తడబడితే నేను అందించాను. అది దూడ కడుపుబ్బరానికి చెప్పిన మందు. వాము, సైంధవలవణం, పాతబెల్లం, పట్టించవలసిన విధం. అవ్వ కళ్ళు మూసుకొని వింటూ ప్రతి దినుసుకూ తల ఊపుతున్నది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

"నిలుపు. శొంఠి యాడ?"

పిల్ల కాగితాన్ని తిరగామరగా చూసింది. నేనూ చూశాను. "శొంఠి లేదమ్మా ఇందులో" అన్నాను.

"ఉండల్ల. మా అత్త శొంఠి లేకుండా ఏనాడూ నూరలేదు."

"ఆకులో లేదవ్వా" అన్నది మనుమరాలు.

"ఆకు యాడ సూసిందే దూడను?"

అక్షరం మారితే అపచారమని ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాడిని నేను. ఆ పిల్ల నావైపు చూసింది. ఆపరేటరమ్మ నావైపు చూసింది. విసనకర్ర ఒడిలో పెట్టుకొని సంరక్షకుడూ నావైపే చూశాడు. జేబులోని కలం తీసి ఆ పిల్లకు ఇచ్చాను.

"పక్కన రాయమ్మా. పాఠాంతరం అంటాము మేము దీన్ని. అవ్వ పేరు కూడా వేయి."

మనుమరాలు కాగితాన్ని బల్లమీద పరిచి, మార్జినులో శొంఠి అని రాసింది. రాసి, కలం ఎత్తకుండానే అడిగింది.

"ఎంతవ్వా?"

అవ్వ నెమ్మదిగా కుర్చీ లాక్కొని, వచ్చినప్పటినుంచీ మొదటిసారి కూర్చుంది.